తుమ్మొస్తే గోడకి ఆనుకో

రేవు క్వార్టర్సు, రెండో అంతస్తు
మార్చి 9

అక్కయ్యా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేయొచ్చు కదరా అంటావు. ఫోన్లో నీ గొంతు వినగానే "బాగానే ఉన్నాను" అనేస్తాను, నువ్వు "మేమూ బాగానే ఉన్నాం" అంటావు, ఇద్దరం పెట్టేస్తాం. ఏళ్ళ తరబడి అదే జరుగుతోంది. అందుకే కాగితం తీసుకున్నాను.

నా నడుం నొప్పి సంగతి నీకు తెలిసిందే. క్రేన్ మీద ఎనిమిది గంటలు ముందుకి వంగి కూర్చుంటే నొప్పి రాక ఏమొస్తుంది అని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. మొన్న రేవు డిస్పెన్సరీలోకి కొత్త డాక్టరు వచ్చాడు. నా నడక చూసి, పేరు కూడా అడక్కుండానే పెద్దాసుపత్రికి చీటీ రాశాడు.

అక్కడ కీళ్ళ డాక్టరు ఒకావిడ. మూడేళ్ళలో ఎవరూ అడగని మాట అడిగింది. "పడుకుంటే తగ్గుతుందా, నడిస్తే తగ్గుతుందా?"

"నడిస్తేనండీ. పడుకుంటేనే ఎక్కువ. తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది. లేచాక గంటన్నర వరకు కొయ్యబొమ్మలా ఉంటాను."

గోడకి ఆనుకుని నిలబడమంది. మడమలు తగిలాయి, వీపు తగిలింది. తల వెనక భాగం ఆనించమంది. ఆనలేదక్కా. ఎంత ప్రయత్నించినా గోడకీ నా తలకీ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగిలిపోయింది. ఛాతీ చుట్టూ టేపు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంది. నేను కొండంత గాలి పీల్చాననుకున్నాను. టేపు రెండు సెంటీమీటర్లు కూడా జరగలేదు. తర్వాత స్కానింగ్, రక్తం.

వెన్నెముకకి వచ్చే వాతమట. అరగడం వల్ల వచ్చేది కాదు, కుర్చీ వల్ల వచ్చేదీ కాదు. మన ఒంట్లో మనల్ని కాపాడాల్సినదే వెన్ను కీళ్ళ మీద పడి మంట పెడుతుందట. వదిలేస్తే ఎముకకీ ఎముకకీ అతుకు పడి వెన్నంతా ఒకే కర్రలా అయిపోతుందట. పూర్తిగా పోయే జబ్బు కాదు, కానీ ఆపొచ్చంది. మాత్రలు ఇచ్చింది, చాలకపోతే ఇంజెక్షన్లట. "మందు సగమే. మిగతా సగం మీరు కదలాలి. రోజూ. బతికున్నంత కాలం" అంది.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే లేదన్నాను. తిరిగొచ్చే బస్సులో నాన్న గుర్తొచ్చాడు. నాన్న వీపు. గడియారాలు బాగుచేసి బాగుచేసి అలా వంగిపోయాడని మనమంతా అనుకున్నాం కదా. ఆయన పోయేనాటికి నాకు పన్నెండేళ్ళు. నువ్వు నాకంటే పదకొండేళ్ళు ఎక్కువ చూశావు. ఏం గుర్తుందో రాయి.

క్రేన్ పని మామూలుగానే ఉంది. ఏ ఇబ్బందీ లేదు.

నీ తమ్ముడు


లాండ్రీ వెనక వీధి
మార్చి 17

చిన్నా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బావ ప్రెస్సు నుంచి రాగానే ఆయన చేత కూడా చదివించాను. చిట్టి కాలేజీ నుంచి వచ్చి తనే లాక్కుని చదివింది. కాబట్టి ఇప్పుడు ఇంటిల్లిపాదికీ నీ వీపు గురించే ధ్యాస.

నాన్న సంగతి అడిగావు. ఆయన పొద్దున్నే లేచి కొట్టు తెరిచేలోపు వసారాలో అటూ ఇటూ నడిచేవాడు. నడుస్తుంటే మొదట చెప్పులు ఈడుస్తున్న చప్పుడు వచ్చేది, పోను పోను అది తగ్గేది. ఆ చప్పుడు ఆగాకే అమ్మ కాఫీ ఇచ్చేది. మంచం మీద పడుకునేవాడు కాదు, చెక్క బల్ల మీద పడుకునేవాడు. నాన్నని వెనక నుంచి పిలవకూడదు అని ఇంట్లో ఒక నియమం ఉండేది, గుర్తుందా? ఎదురుగా వెళ్ళి నిలబడి మాట్లాడాలి. పెద్దరికం అనుకునేదాన్ని. ఆయనకీ ఇదే అయి ఉండొచ్చు. ఎవరూ పేరు పెట్టలేదు, అంతే.

ఇప్పుడు నేను చెప్పేది విను. పక్క మీద నుంచి నిటారుగా లేవకు. ముందు పక్కకి తిరుగు, మోకాళ్ళు మడువు, కాళ్ళు కిందికి జార్చు, వాటి బరువుతోనే ఒళ్ళు పైకి వస్తుంది. స్నానానికి వేడినీళ్ళు. మెడ కింద నుంచి నడుం దాకా మెల్లగా పోసుకో, తొందరపడకు. తలగడ పల్చగా ఉండాలి. మేజోళ్ళు స్నానంతో ఒళ్ళు వదిలాకే వేసుకో, ముందు వంగకు. బూటు లేసు కట్టాలంటే మెట్టు మీద కాలు పెట్టు. తుమ్మొస్తే గోడకి ఆనుకో, లేకపోతే పక్కటెముకలు విరిగినట్టుంటుంది. గోడ దొరక్కపోతే బల్ల అంచు రెండు చేతులా పట్టుకో. తల వంచలేని రోజున జుట్టంతా ఒక భుజం మీదికి తెచ్చుకుని పక్క జడ వేసుకోవాలి. నీకు జడ లేదనుకో, ఏదో రాసుకుంటూ పోతున్నాను.

ఇక్కడ లాండ్రీలో పని ఎక్కువగా ఉంది. కొత్తగా ఇంకో ఆసుపత్రి దుప్పట్లు కూడా మాకే వస్తున్నాయి. మడత బల్ల దగ్గర నిలబడితే రోజంతా తెల్లగా కళ్ళ ముందు అదే.

మందులు మానకు.

అక్క


రేవు క్వార్టర్సు
ఏప్రిల్ 2

అక్కయ్యా,

నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. పక్కకి తిరిగి లేవడం అద్భుతం. ఇన్నాళ్ళూ తిరగేసిన తాబేలులా కొట్టుకునేవాణ్ణి.

ఆసుపత్రి వెనక హాల్లో వారానికి మూడు సాయంత్రాలు మాకు వ్యాయామం. ఎనిమిది మందిమి. నేర్పే ఆవిడకి మేము పెట్టుకున్న పేరు కల్నలమ్మ. చాపల మీద వెల్లకిలా పడుకోబెట్టి, బోర్లా పడుకోబెట్టి, గోడకి నిలబెట్టి, మెడ కుడికి, మెడ ఎడమకి అంటుంది. "ఇంకా" అంటుంది. "ఇదే కొసండీ" అంటే "కొస కాదు, అక్కడ నొప్పి ఉంది, అంతే" అంటుంది. మాలో ఒక బడిపంతులు ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. ఆయన మెడ పూర్తిగా అతుక్కుపోయింది. ఆకాశం చూసి పదేళ్ళయిందట. మామూలుగా చెప్పాడు, వానలు ఆలస్యమయ్యాయి అన్నట్టు. కల్నలమ్మ ఆ పూట ఆయనతో "ఇంకా" అనలేదు.

నెలరోజులకే కొంచెం తేడా తెలుస్తోంది. పొద్దున్న గంటన్నర బిగుసుకుపోయేవాణ్ణి, ఇప్పుడు గంట.

ఒక్క మాట అడుగుతాను. తుమ్ము సంగతి నేను హాల్లో చెప్పాను. మిగతా ఏడుగురూ ఒక్కసారి నా వైపు తిరిగారు, తిరగగలిగినంత. ఎవరు చెప్పారని అడిగారు. మా అక్క అన్నాను. "మీ అక్కకీ ఉందా?" అన్నాడు పంతులు.

అక్కా, నీకెలా తెలుసు?

నీ తమ్ముడు


లాండ్రీ వెనక వీధి
ఏప్రిల్ 11

చిన్నా,

నాన్నని చూశాను అని రాశానుగా. మళ్ళీ అడగడం దేనికి?

మడత బల్ల దగ్గర నా జంటగా ఉండే ఆవిడ పది రోజులుగా రావడం లేదు. ఇద్దరి పని ఒక్కదాన్నే లాగుతున్నాను. పెద్ద ఉత్తరం రాయడానికి తీరిక లేదు. నీ ఆరోగ్యం చూసుకో.

అక్క


రేవు క్వార్టర్సు
ఏప్రిల్ 20

అక్కయ్యా,

నాన్నకి జడ లేదక్కా.

కోపం తెచ్చుకోకు. నువ్వు నిజం చెప్పాలంటే ముందు నేను చెప్పాలి. మొదటి ఉత్తరంలో క్రేన్ పని మామూలుగానే ఉందని రాశాను. అది అబద్ధం.

మా క్యాబిన్ గాల్లో వేలాడే అద్దాల గది. నేల కూడా అద్దమే. నూట నలభై మెట్లెక్కి అందులో కూర్చుని, రెండు కాళ్ళ మధ్యనుంచి కిందికి చూస్తూ ఓడలోంచి ఇనుప పెట్టెల్ని ఎత్తి లారీ మీద పెట్టాలి. ఒక్కో పెట్టె ఒక ఇల్లంత. కింద ఒక మనిషి నిలబడి సైగలు చేస్తాడు, ఈల ఊదుతాడు. మేమంతా ఆయన్ని ఈలన్న అంటాం. నేను చేరిన రోజు నుంచి నా క్రేన్ కింద ఆయనే.

ఫిబ్రవరి చివర్లో ఒక ఉదయం. షిఫ్టు మొదలై అరగంట కూడా కాలేదు, ఒళ్ళింకా వదల్లేదు. లారీ కొంచెం ఎడమకి ఆగింది. ఎడమకి తిరిగి కిందికి చూడాలి. మెడ రాలేదు. నడుం తిప్పి చూడొచ్చు, కానీ అదీ రాలేదు. రోజూ చేసే పనే కదా, లారీ ఎక్కడుంటుందో నాకు తెలుసు కదా అని గుడ్డిగా దింపాను. ఈల వినబడింది. ఆగని ఈల. చేయి దానంతట అదే మీటని వెనక్కి లాగింది. అప్పుడు లేచి నిలబడి చూశాను. లారీకీ గోడకీ మధ్య ఈలన్న వంగి కూర్చుని ఉన్నాడు, తలకి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని. పెట్టె ఆయనకి జానెడు పైన ఊగుతోంది.

కిందికి దిగాక ఆయనే నా భుజం మీద చేయి వేసి, "ఏంట్రా, సరిగ్గా నిద్రపోలేదా?" అన్నాడు.

"అవునన్నా" అన్నాను.

ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పటికీ రోజూ ఎక్కుతున్నాను. మందులతో కొంచెం మేలు కదా, ఇంకా మేలవుతుంది కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. క్రేన్ దిగితే నాకింకేం రాదక్కా. నిన్న క్యాంటీన్లో ఎవరో వెనక నుంచి పిలిచారు. తిరగాలంటే తలుపు తిరిగినట్టు మనిషి మొత్తం తిరగాలి. చేతిలో పళ్ళెం ఉంది, చుట్టూ జనం. తిరగలేదు. "పిలిస్తే పలకడు, అంత గర్వమేంటి" అన్నాడు ఆ పిలిచినవాడు. వినబడింది. ఊరుకున్నాను.

నాది చెప్పాను. నీది చెప్పు.

నీ తమ్ముడు


లాండ్రీ వెనక వీధి
ఏప్రిల్ 28

చిన్నా,

ముందు నీ సంగతి. ఈలన్నకి పెళ్ళాం ఉందా, పిల్లలున్నారా? ఆయన సాయంత్రం ఇంటికి వస్తాడని ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు కదా. ఆ మనిషి తన తలని నీ మెడ మీద నమ్మకంతో అక్కడ పెట్టి నిలబడుతున్నాడు. నువ్వు రేపే వెళ్ళి పైవాళ్ళకి చెప్పాలి. ఈ ఒక్క విషయంలో నేను నీ బుజ్జగింపులు వినను.

ఇక నాది. చిట్టి పుట్టిన మూడో నెల నుంచి. అంటే పద్ధెనిమిదేళ్ళు. కాన్పు తర్వాత ఆడవాళ్ళకి నడుం నొప్పులు మామూలే అన్నాడు మొదటి డాక్టరు. బరువులెత్తకు, పడుకో అన్నాడు. పడుకున్నాను. పడుకున్నకొద్దీ ఎక్కువైంది. రెండో డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీసి ఏమీ లేదన్నాడు. మూడో ఆయన మా ఇంటాయన వైపు తిరిగి, "ఆవిడకి ఇంట్లో ఏమైనా దిగులా?" అని అడిగాడు. నాలుగో డాక్టరు దగ్గరికి నేను వెళ్ళలేదు. లాండ్రీలో చేరాక, నిలబడి అటూ ఇటూ తిరిగే పని కాబట్టి పదింటికల్లా ఒళ్ళు వదిలేది. సరే, ఇది నా బద్ధకం, పనిచేస్తే పోతుంది అనుకున్నాను. మీ బావ లేవకముందే లేచి, స్నానాల గదిలో గోడ పట్టుకుని కాళ్ళూ చేతులూ దారికి తెచ్చుకుని బయటికి వచ్చేదాన్ని. ఆయనకి తెలియదు. అమ్మ పోయాక నిన్ను పెంచిన దాన్ని, నీకేం చెప్పను?

నువ్వు క్యాంటీన్లో తిరగలేకపోయానని రాసింది చదివాక నాన్న గుర్తొచ్చాడు. పెళ్ళయి ఈ ఊరు వచ్చేనాడు నాన్న నన్ను రైలెక్కించాడు. పెట్టె లోపల పెట్టి, దిగి, జనంలో పడి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. రైలు కదిలేదాకా కిటికీలోంచి ఆయన వీపే చూస్తున్నాను, ఒక్కసారి వెనక్కి చూస్తాడేమోనని. "నాన్నా" అని అరిచాను కూడా. చూడలేదు. దానికి నేను ఆయన్ని క్షమించలేదురా. ఆయన పోయినప్పుడు ఏడుస్తూ కూడా అదే అనుకున్నాను, వెనక్కి తిరిగి చూడని మనిషి అని. నాకూ ఆయన మెడే వచ్చింది, పద్ధెనిమిదేళ్ళు మోశాను, అయినా ఆ రెండూ కలిపి ఆలోచించలేదు. ఆ జనంలో ఆయన తిరగాలంటే ఎంతమందిని తోయాలి?

ఇక రాయలేను. ఆదివారం నుంచి ఎడమ కన్ను ఎర్రబడింది. లాండ్రీలో ఆవిరికీ బ్లీచింగుకీ అయి ఉంటుంది. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుంది, అన్నీ మసగ్గా ఉన్నాయి. ఒక కన్ను మూసుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే అందుకే. తగ్గిపోతుందిలే.

అక్క


రేవు క్వార్టర్సు
మే 19

అక్కయ్యా,

ఆసుపత్రిలో నీ పక్కన కూర్చున్న ఆరు రోజులూ ఈ సంగతులు చెప్పలేదు. నీ కళ్ళకి కట్టు, నా నోటికి తాళం. ఇప్పుడు చెబుతాను. చదవడం చిట్టి వంతు.

నీ ఉత్తరం నాకు మే రెండున అందింది. చివరి పేరా దగ్గర లేచి నిలబడ్డాను. ఈ జబ్బున్నవాళ్ళకి కన్ను ఎర్రబడితే ఒక్కరోజు కూడా ఆగకూడదని కీళ్ళ డాక్టరు మొదటి రోజే చెప్పింది. నీకు ఆరు రోజులయింది. ఫోన్ చేస్తే చిట్టి ఎత్తింది. "అమ్మ కళ్ళకి గుడ్డ కట్టుకుని పడుకుంది మావయ్యా, తలనొప్పి అంటోంది" అంది. "ఇప్పుడే కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళు, వెన్ను వాతం ఉందని చెప్పు, ఆ మాట మర్చిపోకు" అన్నాను. "అమ్మకా?" అంది. ఆ పిల్లకి తెలిసింది అలాగ. నన్ను తిట్టుకోకు.

తర్వాత షెడ్డు సూపరింటెండెంటు గదికి వెళ్ళాను. ఓడ సగం ఖాళీ అయి ఉంది.

"ఇప్పుడు సెలవేంటయ్యా?" అన్నాడు.

"మా అక్క కన్ను పోయేలా ఉందండీ."

"నువ్వెళ్ళి ఏం చేస్తావు? నువ్వేమైనా కళ్ళ డాక్టరువా?"

"కాదండీ. ఆవిడకున్న జబ్బే నాకూ ఉంది."

"కంటికా?"

"వెన్నుకి. మెడ తిరగదు. ఫిబ్రవరిలో ఈలన్న మీద పెట్టె దింపబోయాను. ఆయన ఈల వేయకపోతే దింపేసేవాణ్ణే."

కలం మూత పెట్టాడు. చాలాసేపు నా మెడ వైపే చూశాడు, అక్కడ ఏదో కనబడుతుందన్నట్టు. తిడతాడనుకున్నాను. "క్యాబిన్ తాళం ఇక్కడ పెట్టి వెళ్ళు" అన్నాడు. పెట్టాను. చిన్న తాళం. తొమ్మిదేళ్ళు జేబులో ఉంది, లేకపోయేసరికి ఆ జేబు వైపు నడుం తేలికైపోయినట్టు అనిపించింది. తేలిక బాగాలేదు.

ఇక్కడికి తిరిగొచ్చాక ఈలన్న ఇంటికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన పెళ్ళాం గుమ్మం దగ్గరే నిలబడి విన్నది. ఈలన్న కేకలేయలేదు. "రెండు నెలలు నా మొహం చూస్తూ టీ తాగావు" అన్నాడు. అంతే. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఇప్పటికి పది రోజులు. రేవులో ఎదురైతే పక్కనుంచి వెళ్ళిపోతున్నాడు. నేను తిరిగి చూడలేనని ఆయనకిప్పుడు తెలుసు.

నన్ను క్రేన్ మీద నుంచి తీసేశారు. మళ్ళీ ఎక్కే మాట లేదు. ఏం చేయమంటారో ఇంకా చెప్పలేదు. పొద్దున్నే లేచి, అలవాటుగా పైకి చూడబోతాను. కుదిరినంత చూస్తాను.

నీ తమ్ముడు


లాండ్రీ వెనక వీధి
జూన్ 6

చిన్నా,

(మావయ్యా, రాస్తున్నది నేను, చెప్పేది అమ్మ. డాక్టరు ఇంకో వారం కళ్ళకి పని చెప్పొద్దన్నారు. మధ్యలో బ్రాకెట్లు నావి. అమ్మకి కనబడవు. చిట్టి.)

కన్ను చాలావరకు వచ్చింది. కింది మూల ఒక మరక ఉండిపోయింది, అద్దం మీద వేలిముద్రలాగ. అది పోదట. మూడు రోజులు ముందొస్తే అదీ ఉండేది కాదట. నువ్వు ఫోన్ చేయకపోతే మొత్తం పోయేదట. ఏది తలుచుకోవాలో తెలియక రెండూ తలుచుకుంటున్నాను.

కీళ్ళ డాక్టరు నా స్కానింగ్ చూపించాడు. నడుం కింద రెండు కీళ్ళూ అతుక్కుపోయాయి. వాటి మధ్య సన్నటి నల్లగీత ఉండాలట, నాకు లేదు. "ఇక విడిపోవా?" అన్నాను. విడిపోవన్నాడు. మిగతా వెన్నుని కాపాడుకుందాం అన్నాడు. పద్ధెనిమిదేళ్ళలో ఏ ఒక్కరైనా నడిస్తే తగ్గుతుందా పడుకుంటే తగ్గుతుందా అని అడిగి ఉంటే ఆ గీత ఉండేదా అనడిగాను. ఆయన స్కానింగ్ తీసి కవర్లో పెట్టేశాడు. మంచివాడు, అబద్ధం ఆడలేకపోయాడు.

(ఇక్కడ అమ్మ లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది.)

మీ బావ స్నానాల గదిలో నేను పట్టుకునే చోట గోడకి ఒక ఇనుప కడ్డీ బిగించాడు. సరిగ్గా ఆ చోటే. ఎలా తెలుసని అడిగితే, అక్కడ సున్నం చేతి ఆకారంలో అరిగిపోయి ఉంది అన్నాడు. అంటే ఎన్నేళ్ళ నుంచో చూస్తున్నాడు. ఎందుకు అరిగిందో అడగలేదు. నేనూ చెప్పలేదు. బాగానే కాపురం చేశాం.

(ఇది రాయొద్దంది. రాశాను.)

నువ్వు చెప్పి మంచిపని చేశావు. ఈలన్న మాట్లాడకపోతే మాట్లాడడు. అది ఆయన హక్కు. నువ్వు మాత్రం ఎదురైనప్పుడల్లా పలకరించు.

అక్క


రేవు క్వార్టర్సు
సెప్టెంబరు 14

అక్కయ్యా,

కొత్త ఆపరేటర్లకి నేర్పే గదిలో వేశారు. నేల మీదే ఒక ఉత్తుత్తి క్యాబిన్ ఉంది, తెర మీద ఓడ, తెర మీద పెట్టెలు. పిల్లలు మీటలు లాగుతుంటే నేను వెనక నిలబడి అటూ ఇటూ తిరుగుతూ చెబుతాను. కూర్చోనక్కర్లేదు, అదొక్కటీ నాకు మేలు. మొదటి వారం ఆ గది తలుపు తీయాలంటేనే కాళ్ళు రాలేదు. కిటికీలోంచి నా క్రేన్ కనబడుతుంది. అందులో ఇప్పుడు వేరే ఒకడు. బాగానే చేస్తున్నాడు. అది కూడా కష్టంగానే ఉంది.

ప్రతి బ్యాచికీ మొదటి రోజు నేను ఒకటే చెబుతాను. కింద కనబడకపోతే దింపొద్దు. ఎందుకు కనబడలేదో పైవాళ్ళు అడిగితే నిజం చెప్పండి. తర్వాత నా సంగతి చెబుతాను, పేర్లు లేకుండా. మొన్న చెబుతుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. నేను తిరిగేసరికి మనిషి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఈలన్న. "పేరు పెట్టి చెప్పరా. నేనేం సిగ్గుపడను" అన్నాడు. పిల్లల వైపు తిరిగి, "ఆ పెట్టె కింద కూర్చుంది నేనే" అన్నాడు. మేమింకా మునుపటిలా కాదు. ఎప్పటికీ కాకపోవచ్చు. కానీ మాట్లాడుకుంటున్నాం.

ఇంజెక్షన్ మొదలుపెట్టారు. పొద్దున్న బిగుసుకుపోవడం ఇప్పుడు ఇరవై నిమిషాలే. రోజూ షిఫ్టు అయ్యాక రేవు గోడ పొడుగునా నడుస్తున్నాను. ఎండైనా వానైనా. చేయబుద్ధి కాని రోజున కల్నలమ్మ మొహం గుర్తుచేసుకుంటాను.

నువ్వు నడుస్తున్నావా? "ఆఁ" అని రాయకు. ఎంత దూరమో రాయి.

నీ తమ్ముడు


లాండ్రీ వెనక వీధి
నవంబరు 23

చిన్నా,

నడుస్తున్నాను. లాండ్రీకి వెళ్ళేటప్పుడు బస్సు రెండు స్టాపుల ముందే దిగేస్తున్నాను. మడత బల్ల కింద ఇటుకలు పెట్టించి ఎత్తు చేయించాను. మేస్త్రీ మొదట ఎగిరాడు, తర్వాత మిగతా ఆడవాళ్ళు కూడా మాకూ ఎత్తు చేయమని అడిగేసరికి చల్లబడ్డాడు. ఒక్కొక్కరినీ కదిపితే తెలిసింది, మా ఒక్క బల్ల దగ్గరే ముగ్గురికి ఏదో ఒక నొప్పి. ఏ నొప్పి ఏదో నాకేం తెలుసు. ఒకామెని మాత్రం లాక్కుపోయి డాక్టరుకి చూపించాను. ఆమెది కండరాల నొప్పే, మన జబ్బు కాదు. అయినా ఎవరో ఒకరు చూశారని ఏడ్చింది.

ఈ ఉత్తరం అసలు అందుకు కాదు.

నిన్న పొద్దున్న నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చిట్టి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. సగం వంగి ఉంది. చేయి నడుం మీద, బొటనవేలు వెన్ను పక్కన, కింది వైపు. ఆ చేయి ఎక్కడ పెట్టిందో చూశాను. అది నా చోటు.

"ఏంటే?" అన్నాను.

"ఏం లేదమ్మా. పడుకోవడంలో పట్టేసినట్టుంది."

పద్ధెనిమిదేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న మాట నోటి చివరిదాకా వచ్చిందిరా. తగ్గిపోతుందిలే అని. అలవాటైన మాట, దానంతట అదే వస్తుంది. పళ్ళు బిగపట్టుకుని ఆపాను. పొయ్యి ఆర్పాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమో. ఎండాకాలం నుంచి అనుకుంటా. కాలేజీకి నడిచి వెళ్ళేసరికి పోతుందిలే."

"నడిస్తే పోతుందా?"

"ఊఁ."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

అది నా వైపు చూడకుండా, "నువ్వు చెప్పావా?" అంది. కోపంగా కాదు. మామూలుగా.

"తప్పు చేశాను" అన్నాను. తల్లిని కదా, కూతురితో ఆ మాట అనడం ఎప్పుడూ అలవాటు లేదు. అనేసరికి అది వచ్చి నా భుజం మీద తల పెట్టుకుంది. మీ బావ ప్రెస్సుకి సెలవు చెప్పాడు, నేను లాండ్రీకి చెప్పాను, ముగ్గురం అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాం.

డాక్టరు దాన్ని వంచి చూశాడు, తిప్పి చూశాడు. రక్తం తీశారు. స్కానింగ్ గురువారం. మన జబ్బు కావచ్చట, కాకపోవచ్చట. తల్లికి ఉంటే పిల్లలందరికీ రావాలని లేదన్నాడు. "ఒకవేళ అదే అయినా మొదట్లోనే వచ్చారు. ఈ పిల్ల వెన్ను మీ వెన్నులా కాదు" అన్నాడు. ఆ మాట పట్టుకుని గురువారం దాకా ఉండాలి. ఉండగలనో లేదో తెలియదు. భయంగా ఉంది చిన్నా. నాకు నొప్పి వచ్చినప్పుడు ఇంత భయం లేదు.

బయటికి వచ్చాక మీ బావ బస్సు కోసం చూస్తున్నాడు. చిట్టి నడుద్దాం అంది. నాలుగు స్టాపుల దూరం. ముగ్గురం నడిచాం, మెల్లగా. వంతెన దాటాక, "అమ్మా, పొద్దున్న లేవగానే ఇక్కడ మొదలవుతుంది" అంటూ నా చేయి తీసుకుని తన నడుం మీద పెట్టుకుంది. తర్వాత ఇంకోచోట పెట్టింది. మెట్లెక్కేటప్పుడు ఎలా ఉంటుందో, ల్యాబులో గంటసేపు స్టూలు మీద కూర్చుంటే ఎలా ఉంటుందో, ఏ పక్కకి తిరిగి పడుకుంటే మెలకువ వస్తుందో చెప్పింది. మీ బావ సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ పక్కనే నడిచాడు.

ఇల్లు వచ్చేసింది, అది ఇంకా చెబుతూనే ఉంది. నేను తాళం తీయలేదు. గుమ్మం బయటే నిలబడి చివరిదాకా విన్నాను.

అక్క